సహాయకుని సాక్ష్యం: పాల్ కిమ్మేజ్ 'రఫ్ రైడ్' ఆత్మకథ - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

క్రీడారంగంలో వెలువడే ఆత్మకథల్లో అధికభాగం విజేతలు రాసుకున్నవి. ఐర్లండ్‌కు చెందిన పాల్ కిమ్మేజ్ 1990లో ప్రచురించిన 'రఫ్ రైడ్' ఇందుకు భిన్నమైనది. 1986 నుంచి 1989 వరకు వృత్తిపరమైన రోడ్డు సైకిల్ పోటీల్లో సహాయకుడుగా పనిచేసిన వ్యక్తి తన పనిని, తన వైఫల్యాన్ని, తాను నిషిద్ధ ఉత్ప్రేరకాలు వాడిన సందర్భాలను స్వయంగా చెప్పుకున్న గ్రంథమిది. దీన్ని ఎక్కువగా డోపింగ్‌ను బయటపెట్టిన రచనగానే చదువుతూ వచ్చారు. ఇది ప్రధానంగా ఒక శ్రామికుని ఆత్మకథ అనీ, ఇందులోని నేరాంగీకారానికి విశ్వసనీయత కథకుని సహాయకస్థానం నుంచే లభిస్తున్నదనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. భారతీయ అలంకారశాస్త్రంలోని నాయక-సహాయక భావనను, రొలాండ్ బార్త్ చేసిన ఇతిహాస పఠనాన్ని పరిశీలనకు సాధనాలుగా స్వీకరిస్తుంది. గ్రంథంలోని పరిమితులను కూడా చర్చిస్తుంది.

కీలక పదాలు: ఆత్మకథ, క్రీడాసాహిత్యం, సహాయకుడు, పీఠమర్దుడు, సాక్ష్యం, డోపింగ్, టూర్ డి ఫ్రాన్స్.

1. ఉపోద్ఘాతం:

తన జీవితాన్ని రాసుకునే అర్హత ఎవరికి ఉంటుందనే ప్రశ్న ఆత్మకథాప్రక్రియతోపాటే పుట్టింది. తెలుగులో కందుకూరి వీరేశలింగం, చిలకమర్తి లక్ష్మీనరసింహం, టంగుటూరి ప్రకాశం వంటివారి స్వీయచరిత్రలు ప్రజాజీవితంలో గుర్తింపు పొందినవారి రచనలు. సాధించినదేదో ఉన్నప్పుడే జీవితం చెప్పదగినదవుతుందన్న భావన వాటిని చదివే తీరులో చాలాకాలం ఉండిపోయింది. తర్వాతి కాలంలో స్త్రీవాద, దళితవాద విమర్శలు ఈ భావనను ప్రశ్నించాయి. ఏం చెబుతున్నారన్నదానితోపాటు ఎవరు, ఏ స్థానం నుంచి చెబుతున్నారన్నది కూడా విమర్శకు విషయమైంది.

క్రీడాకారుల ఆత్మకథల్లో ఈ ప్రశ్న మరింత పదునుగా ఎదురవుతుంది. ఇతర రంగాల్లో ఒకరి గొప్పతనాన్ని కాలం నిర్ణయిస్తుంది. క్రీడలో దాన్ని ఆ రోజు సాయంత్రమే అంకెల్లో ప్రకటిస్తారు. 1986లో జరిగిన టూర్ డి ఫ్రాన్స్‌లో 210 మంది బయలుదేరగా 132 మంది గమ్యం చేరారు. అమెరికాకు చెందిన గ్రెగ్ లెమాండ్ మొదటి స్థానంలో నిలిచాడు. తొలిసారి ఆ పోటీలో పాల్గొన్న పాల్ కిమ్మేజ్‌ది 131వ స్థానం. చివరి స్థానంలో వచ్చినవానికైనా రైలు చివరి పెట్టెకు వేలాడే ఎర్రదీపం పేరుతో ఒక సంప్రదాయ గౌరవం ఉంది. 131వ స్థానానికి ఆ గుర్తింపు కూడా లేదు.

ఆ స్థానంలో నిలిచినవాడు రాసిన పుస్తకమే 'రఫ్ రైడ్'. గతుకుల ప్రయాణమని ఆ పేరుకు స్థూలార్థం. ప్రచురితమైన 1990లోనే అది విలియం హిల్ ఉత్తమ క్రీడాగ్రంథ పురస్కారాన్ని పొందింది. అదే సమయంలో కథకుణ్ణి అతని వృత్తిలోకం ద్రోహిగా చూసింది. ఒకే పుస్తకానికి ఈ రెండు స్పందనలు ఎందుకు వచ్చాయో అర్థం కావాలంటే, ముందుగా కథకుడు చేసిన పని స్వభావాన్ని తెలుసుకోవాలి.

2. సహాయకుడు - పదం, పని:

రోడ్డు సైకిల్ పోటీ చూసేవారికి వ్యక్తుల మధ్య పోటీగా కనిపిస్తుంది. పతకం ఒక్కరి మెడలోనే పడుతుంది. దాని నిర్వహణ మాత్రం జట్లది. ఇందుకు మూలకారణం గాలి. ముందు వెళ్లే సైకిలు గాలిని చీల్చుకుంటూ పోతుంటే, దాని వెనుక చక్రాన్ని అంటిపెట్టుకుని నడిచేవానికి శ్రమ గణనీయంగా తగ్గుతుంది. కాబట్టి నాయకుడు చివరి కొండ వరకు, లేదా చివరి కిలోమీటరు వరకు శక్తిని దాచుకోవాలంటే అతని ముందు మరొకరు గాలికి ఎదురొడ్డి నడవాలి. జట్టు కారు దగ్గరకు వెనక్కి వెళ్లి అందరికీ నీళ్లసీసాలు తేవడం, నాయకుని చక్రం పాడైతే తన చక్రం విప్పి ఇవ్వడం, ప్రత్యర్థులు దూసుకుపోతే గుంపును ముందుకు లాగి ఆ దూరాన్ని తగ్గించడం సహాయకుని నిత్యకృత్యాలు.

ఈ పనివానికి ఫ్రెంచి భాషలో 'డొమెస్తీక్' అని పేరు. ఇంటి పనివాడని దాని అర్థం. టూర్ డి ఫ్రాన్స్ వ్యవస్థాపకుడు ఆన్రీ దెగ్రాంజ్ 1911లో మోరిస్ బ్రోకో అనే సైకిలిస్టు ఇతరులకు సేవచేస్తున్నాడని ఆగ్రహించి, అతణ్ణి అవమానించడానికి ఈ మాటను వాడాడు. ఆనాటి తిట్టు కాలక్రమంలో వృత్తినామంగా స్థిరపడింది. అవమానంగా పుట్టిన పదం అవమానమనే స్పృహ లేకుండా వాడుకలో కలిసిపోవడం ఆ వృత్తిలోని అధికారసంబంధాలు ఎంత సహజమైపోయాయో సూచిస్తుంది.

భారతీయ అలంకారశాస్త్రంలో నాయకునికి సహాయకులను ప్రత్యేకంగా నిర్వచించారు. 'దశరూపకం' పతాకానాయకుణ్ణి పీఠమర్దుడుగా పేర్కొంటుంది. అతడు చతురుడు, నాయకుని అనుచరుడు, అతనిపట్ల భక్తి కలవాడు, గుణాల్లో అతనికంటె కొంచెం తక్కువవాడు. రామకథలో సుగ్రీవుడు ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటుంది. సుగ్రీవుడు రామకార్యంలో తోడ్పడినా అతనికి తనదైన ఫలం ఉంది. వాలివధతో రాజ్యం దక్కుతుంది. అతని కథ చిన్నదే అయినా అతనిదిగానే ఉంటుంది. సైకిల్ పోటీలో సహాయకునికి అటువంటి కథాఫలం లేదు. నాయకుడు గెలిస్తే బహుమతి సొమ్ములో వాటా రావచ్చు. మరుసటి ఏటికి ఒప్పందం కొనసాగవచ్చు. వరుససంఖ్యల పట్టికలో మాత్రం అతడు చేసిన పనికి గడి లేదు. పీఠమర్దునికి ఉండవలసిన గుణాలన్నీ అతని నుంచి ఆశిస్తారు గాని, పీఠమర్దునికి కావ్యం ఇచ్చే స్థానాన్ని క్రీడ ఇవ్వదు. ఈ ఖాళీలోంచే కిమ్మేజ్ రచన పుట్టింది.

3. ఇతిహాసంగా పోటీ:

ఫ్రెంచి విమర్శకుడు రొలాండ్ బార్త్ 1957లో వెలువరించిన 'మిథాలజీస్' సంపుటిలో టూర్ డి ఫ్రాన్స్‌ను ఇతిహాసంగా విశ్లేషించాడు. ఆ పఠనంలో సైకిలిస్టుల పేర్లు వీరుల బిరుదుల్లా పనిచేస్తాయి. కొండలు, ఎండలు, గాలులు హోమర్ కావ్యాల్లోని ప్రకృతిశక్తుల్లా వ్యక్తిత్వం తొడుక్కుంటాయి. వీరునికి హఠాత్తుగా కలిగే శక్త్యావేశం దైవానుగ్రహంగా కనిపిస్తుంది. కనుకనే మందులతో ఆ శక్తిని కృత్రిమంగా తెచ్చుకోవడం దైవాన్ని అనుకరించే అపచారమవుతుంది. అంటే డోపింగ్‌ను బార్త్ ఆరోగ్యసమస్యగానో చట్టసమస్యగానో చూడలేదు. ఇతిహాస విశ్వాసాన్ని భంగపరిచే అపవిత్రచర్యగా చూశాడు.

ఈ విశ్లేషణ ప్రేక్షకుని వైపు నుంచి ఎంతో సమర్థమైనది. రోడ్డు పక్కన నిలబడి గంటలతరబడి ఎదురుచూసి, కొన్ని క్షణాలు మాత్రమే వీరులను చూసే ప్రేక్షకునికి పోటీ నిజంగా ఇతిహాసమే. ఆ ఇతిహాసంలో సహాయకునికి కూడా చోటుంది. అతడు త్యాగమూర్తి. 1934లో రెనె వియెట్టో ఉదంతం ఇందుకు నిదర్శనం. ఇరవైయేళ్ల వియెట్టో ఆనాటి పోటీలో తన నాయకుడు ఆంతొనాఁ మాన్య్ కోసం పిరనీస్ పర్వతాల్లో తన చక్రాన్ని ఇచ్చేశాడు. సహాయవాహనం కోసం ఎదురుచూస్తూ రాతిగోడపై కూర్చుని ఉన్న అతని ఛాయాచిత్రం ఫ్రాన్స్ అంతటా ప్రసిద్ధి పొందింది. మాన్య్ ఆ ఏడాది విజేత అయ్యాడు. వియెట్టో జీవితంలో ఎన్నడూ టూర్ డి ఫ్రాన్స్ గెలవలేదు.

వియెట్టో ఛాయాచిత్రం సహాయకునికి రూపాన్ని ఇచ్చింది, స్వరాన్ని ఇవ్వలేదు. ఆ గోడమీద కూర్చున్న కుర్రవాడు ఏమనుకుంటున్నాడో చూపరులే ఊహించుకున్నారు. అది త్యాగమని పేరు పెట్టింది కూడా వారే. ఇతిహాసం సహాయకుణ్ణి గౌరవించే పద్ధతి ఇది. అతడు మాట్లాడనంతకాలం అతడు ఉదాత్తుడు.

మాట్లాడినవారు అంతకుముందు లేకపోలేదు. 1923 విజేత ఆన్రీ పెలిసియే, అతని తమ్ముడు ఫ్రాన్సిస్ 1924లో పోటీని మధ్యలో విడిచిపెట్టి, కూతాన్స్ పట్టణంలో పాత్రికేయుడు ఆల్బేర్ లోంద్ర్‌కు తమ సంచుల్లోని మందులను చూపించారు. వారిని శిక్షపడిన ఖైదీలతో పోల్చే మాట ఆ కథనాలతో ముడిపడి స్థిరపడింది. అయితే అక్కడ మాట్లాడినవాడు విజేత, రాసినవాడు పాత్రికేయుడు. 'రఫ్ రైడ్'లో మాట్లాడేవాడు, రాసేవాడు ఒక్కడే. అతడు విజేత కూడా కాడు. సైకిల్ పోటీల సాహిత్యంలో ఈ గ్రంథానికున్న ప్రత్యేకత ఇక్కడే ఉంది.

4. వృత్తిజీవితం - కథనక్రమం:

కిమ్మేజ్ 1962లో డబ్లిన్ నగరంలో జన్మించాడు. తండ్రి క్రిస్టీ పేరున్న ఔత్సాహిక సైకిలిస్టు. సోదరులు కూడా పోటీల్లో పాల్గొన్నవారే. ఇంట్లో సైకిలు ఆటవస్తువుగా కాక వారసత్వంగా ఉంది. ఔత్సాహికుడుగా కిమ్మేజ్ ఐర్లండ్ జాతీయ విజేత అయ్యాడు. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో పాల్గొన్నాడు. 1985 ప్రపంచ ఔత్సాహిక పోటీలో ఆరో స్థానం పొందాడు. ఈ క్రమాన్ని చూస్తే అతడు నాసిరకం క్రీడాకారుడేమీ కాడని స్పష్టమవుతుంది. తన దేశంలో ముందువరుసలో ఉన్న యువకుడు వృత్తిలో అడుగుపెట్టగానే వెనుకవరుసలోకి వెళ్లవలసి రావడం ఈ ఆత్మకథలోని మొదటి మలుపు.

1986లో అతడు చేరిన జట్టు ఫ్రాన్స్‌కు చెందిన ఆర్.ఎం.ఓ. దాని డైరెక్టర్ రెండుసార్లు టూర్ విజేత అయిన బెర్నార్ తెవ్‌నే. ఆ జట్టును పోషించిన సంస్థ తాత్కాలిక కార్మికులను సరఫరాచేసే కంపెనీ. ఆ కంపెనీ పేరున్న చొక్కా వేసుకుని పోటీపడిన సహాయకుని స్థితి కూడా దాదాపు అలాంటిదే. ఒప్పందం ముగిసే కాలం దగ్గరపడేకొద్దీ అతనిలో భయం పెరుగుతుంది.

విజేతల ఆత్మకథల్లో కథనం శిఖరాల మీదుగా సాగుతుంది. ఒక విజయం నుంచి మరో విజయానికి అడుగులు పడతాయి. 'రఫ్ రైడ్' కథనానికి అటువంటి శిఖరాలు లేవు. రోజుకొక అంచె చొప్పున మూడు వారాలకు పైగా సాగే పోటీలో, ప్రతి అంచెకూ విజేత తీసుకున్న సమయాన్ని బట్టి ఒక కాలపరిమితి నిర్ణయిస్తారు. అది దాటి వచ్చినవారిని పోటీనుంచి తొలగిస్తారు. కొండల్లో వెనుకబడినవారంతా ఒక గుంపుగా కూడి, నిమిషాలు లెక్కపెట్టుకుంటూ ఆ పరిమితిలోగా చేరడానికి ప్రయత్నిస్తారు. కిమ్మేజ్ పోటీ ఆ గడియారంతోనే. ముందున్నవారు గెలవడానికి తొక్కుతుంటే అతడు తొలగింపబడకుండా ఉండటానికి తొక్కుతాడు. ఆ కారణంగా ఈ గ్రంథంలోని ఉత్కంఠ విజేతల కథల్లోని ఉత్కంఠకు భిన్నంగా ఉంటుంది. 'గెలుస్తాడా' అన్న ప్రశ్న స్థానంలో 'రేపు కూడా బయలుదేరగలడా' అన్న ప్రశ్న నిలుస్తుంది. దినభత్యం మీద బతికేవాని ప్రశ్నకు ఇది చాలా దగ్గరగా ఉంది.

1987 సంవత్సరం ఈ కథనానికి కేంద్రం. ఆ ఏడాది ఐర్లండ్‌కే చెందిన స్టీఫెన్ రోష్ జిరో డి ఇటాలియా, టూర్ డి ఫ్రాన్స్, ప్రపంచ విజేతృత్వం మూడూ గెలిచాడు. అంతకుముందు ఒకే ఏడాదిలో ఆ మూడూ సాధించినవాడు బెల్జియం వీరుడు ఎడ్డీ మెర్క్స్ ఒక్కడే. అదే ఏడాది కిమ్మేజ్ టూర్‌ను పూర్తిచేయలేకపోయాడు. అయితే సెప్టెంబరులో ఆస్ట్రియాలోని ఫిలాహ్‌లో రోష్ ప్రపంచ విజేత అయినప్పుడు, ఐదుగురు సభ్యుల ఐర్లండ్ జట్టులో కిమ్మేజ్ ఒకడు. ఐర్లండ్ సైకిల్ క్రీడాచరిత్రలో అత్యున్నతమైన ఆ రోజున అతడు అక్కడే ఉన్నాడు. ఆ గెలుపుకోసం పనిచేశాడు. చరిత్రపుస్తకం ఆ రోజును రోష్ పేరుతో నమోదుచేసింది. కిమ్మేజ్ దాన్ని పనిచేసినవాని వైపు నుంచి నమోదుచేశాడు. 1989లో రోష్ నాయకుడుగా ఉన్న ఫాగోర్ జట్టులో చేరి, ఆ ఏటి టూర్ మధ్యలో వైదొలగడంతో అతని వృత్తిజీవితం ముగిసింది.

5. సూది - అంగీకారాల క్రమం:

గ్రంథంలో అత్యధిక చర్చకు కారణమైన భాగం డోపింగ్‌కు సంబంధించినది. దీనికి ఒక చారిత్రక నేపథ్యం ఉంది. ఫ్రాన్స్ 1965లో డోపింగ్‌కు వ్యతిరేకంగా చట్టం చేసింది. 1966లో టూర్‌లో పరీక్షలు మొదలైనప్పుడు సైకిలిస్టులు నిరసన తెలిపారు. 1967 జూలై 13న మోఁ వాఁతూ పర్వతారోహణలో బ్రిటన్‌కు చెందిన టామ్ సింప్సన్ కుప్పకూలి మరణించాడు. అతడు ఆంఫెటమిన్లు తీసుకున్నాడని తేలింది. ఈ సంఘటన జరిగిన దాదాపు ఇరవైయేళ్లకు కిమ్మేజ్ వృత్తిలోకి వచ్చాడు. నియమాలున్నాయి, మరణం జరిగింది, అందరికీ తెలుసు. అయినా ఆ అలవాటు పోలేదు. ఎందుకు పోలేదన్న ప్రశ్నకు ఈ ఆత్మకథ సిద్ధాంతరూపంలో సమాధానం చెప్పదు. ఒక మనిషి ఎలా ఒప్పుకున్నాడో చూపిస్తుంది.

ఆ అంగీకారం ఒక్కసారిగా జరిగినది కాదు. మొదట కిమ్మేజ్‌కు సూది అంటేనే విముఖత ఉంది. సూదిమందు లేకుండా పోటీపడాలన్నది అతడు తనకు తాను పెట్టుకున్న హద్దు. మూడు వారాల పోటీలో శరీరం పూర్తిగా డస్సిపోయినప్పుడు విటమిన్ల సూదిమందు తీసుకుంటాడు. అది నిషిద్ధం కాదు. చట్టం దృష్టిలో అక్కడ తప్పేమీ లేదు. కాని కథకుని దృష్టిలో ఒక గడప దాటినట్టయింది. సూది అనే వస్తువుకు శరీరం అలవాటుపడింది. తర్వాత దాటవలసిన గడప ముందటికంటె తక్కువ ఎత్తులో ఉంటుంది.

టూర్ ముగిసిన తర్వాత ఫ్రాన్స్‌లోని చిన్న పట్టణాల్లో ప్రదర్శన పోటీలు జరుగుతాయి. ప్రేక్షకులు తమ వీరులను దగ్గరనుంచి చూడటం కోసం ఏర్పాటైనవి ఇవి. అలసిన దేహాలతో రోజుకొక ఊరు తిరుగుతూ సైకిలిస్టులు డబ్బు సంపాదించుకునే కాలమది. అక్కడ పరీక్షలు లేవు. ఈ వాతావరణంలోనే కిమ్మేజ్ కొన్ని సందర్భాల్లో ఆంఫెటమిన్లు తీసుకున్నాడు. అతడు ఆ మందును పెద్ద విజయంకోసం తీసుకోలేదన్నది ఇక్కడ కీలకం. అతడు గెలవవలసిన పోటీ ఏదీ అక్కడ లేదు. గుంపుతో కలిసి నడవగలగడం, మరుసటి రోజు కూడా పనికి రాగలగడం, అందరిలో ఒకడుగా ఉండటం - ఇవే అతని అవసరాలు.

డోపింగ్‌ను గురించిన సాధారణ అవగాహన దాన్ని అత్యాశ ఫలితంగా చూస్తుంది. కీర్తికోసం, సొమ్ముకోసం అడ్డదారి తొక్కిన నాయకుని చిత్రం అందరికీ పరిచితమే. 'రఫ్ రైడ్' దానికి పూర్తిగా వేరైన కారణాన్ని ముందుంచుతుంది. ఇక్కడ మందు పనిముట్టు. రాత్రి బండి నడిపేవాడు నిద్ర ఆపుకోవడానికి దేన్నో ఆశ్రయించినట్టు, ఈ శ్రామికుడు తన శరీరాన్ని పనికి సిద్ధం చేసుకుంటున్నాడు. బార్త్ చెప్పిన దైవాపచారం ఇక్కడ కనిపించదు. ఇతిహాసంలో పాపంగా కనిపించినది కూలిలెక్కలో ఖర్చుగా కనిపిస్తుంది. ఈ దృష్టిభేదమే గ్రంథానికి ప్రాణం.

6. అందని ద్రాక్షా?:

పుస్తకం వెలువడిన తర్వాత వచ్చిన ఆక్షేపణలు ప్రధానంగా రెండు. మొదటిది ద్రోహారోపణ. ఫ్రెంచి సైకిలిస్టుల వ్యవహారంలో తమ వృత్తిరహస్యాలను బయటపెట్టినవాణ్ణి సూపులో ఉమ్మినవాడంటారు. 'తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడ'మన్న తెలుగు జాతీయం ఈ భావానికి దగ్గరగా వస్తుంది. ఈ మాటను నిశితంగా పరిశీలిస్తే ఒక విషయం బయటపడుతుంది. వాసాలు లెక్కపెట్టాడన్న నిందలో, లెక్క తప్పన్న వాదం లేదు. నిజం చెప్పాడా లేదా అన్న ప్రశ్నను పక్కనబెట్టి, చెప్పే హక్కు ఉందా లేదా అన్న ప్రశ్నను అది ముందుకు తెస్తుంది. పెట్టినవారి ఇంట్లో తిన్నవాడు మాట్లాడరాదన్నది యజమాని నీతి. 'డొమెస్తీక్' అన్న పదంలోని ఇంటిపనివాని అర్థం ఇక్కడ మళ్లీ ప్రాణం పోసుకుంటుంది.

రెండో ఆక్షేపణ మరింత బలమైనది. గెలవలేనివాడు తన వైఫల్యానికి సాకుగా ఆటనంతటినీ నిందించాడని దాని సారాంశం. అందని ద్రాక్ష పుల్లనన్నమాట. దీన్ని తేలికగా తోసిపుచ్చకూడదు. గ్రంథంలో చేదు ఉంది. తాను శుభ్రమైన పోటీలో పుట్టి ఉంటే ఎంతటివాడయ్యేవాడో అన్న వేదన ఉంది. అది కథకుని చూపును కొన్నిచోట్ల మసకబారుస్తుంది కూడా.

అయినా ఈ ఆక్షేపణలో ఒక తార్కికదోషం ఉంది. విజేత మాట్లాడితే, అతనికి పోయేదేమీ లేదు కాబట్టి మాట్లాడుతున్నాడంటారు. లేదా అతడు అసలే మాట్లాడడు. ఓడినవాడు మాట్లాడితే అక్కసంటారు. ఈ లెక్కన ఏ సాక్షీ మిగలడు. పైగా సహాయకుణ్ణి 'విఫలుడు' అనడానికి వాడుతున్న కొలత నాయకునికి చెందినది. నీళ్లు మోయడం, గాలికి ఎదురొడ్డడం, చక్రం ఇవ్వడం పనిగా ఉన్నవాణ్ణి 131వ స్థానంతో కొలవడం, పొలం దున్నినవాణ్ణి గాదెలోని ధాన్యం ఎవరి పేరున ఉందో చూసి కొలవడం వంటిది. కిమ్మేజ్ తన పనిలో ఎంతవరకు సమర్థుడన్నది చర్చించవచ్చు. విజేత కాకపోవడాన్ని అసమర్థతకు రుజువుగా చూపడం మాత్రం చెల్లదు.

సాక్ష్యానికి విలువ ఇచ్చే అంశాలు రెండు: చూడగల స్థానం, చెప్పినందువల్ల సాక్షికి కలిగే నష్టం. సహాయకుడు అందరి గదుల్లోనూ మసలుతాడు. ఎవరి దృష్టినీ ఆకర్షించడు. కాబట్టి చూడగలడు. ఇక నష్టం విషయానికి వస్తే, కిమ్మేజ్ మొదట బయటపెట్టినది తన నేరాన్నే. ఎవరూ విచారించకుండా, ఏ పరీక్షలోనూ పట్టుబడకుండా, తాను మందు తీసుకున్నానని రాసుకున్నాడు. తండ్రినుంచి వచ్చిన వారసత్వం, స్నేహాలు, చిన్ననాటి కల అన్నిటినీ పణంగా పెట్టిన అంగీకారమిది. అక్కసుతో రాసేవాడు ముందుగా తన ముఖానికి మసి పూసుకోడు.

7. మౌనాలు, పరిమితులు:

ఈ గ్రంథానికి పరిమితులు లేకపోలేదు. మొదటిది పేర్లకు సంబంధించినది. కిమ్మేజ్ తన పేరును స్పష్టంగా ముందుంచాడు గాని, మందులు వాడిన ఇతరుల పేర్లను చాలావరకు చెప్పలేదు. వ్యవస్థను నిందించాలన్నది తన ఉద్దేశమని, వ్యక్తులను కాదని అతని నిలువు. నైతికంగా ఇది గౌరవించదగిన నిర్ణయమే. ఫలితం మాత్రం మిశ్రమం. పేర్లు లేని ఆరోపణ అందరినీ అనుమానంలోకి నెట్టే ప్రమాదం ఉంది. నిర్దోషులకు అది అన్యాయం చేయవచ్చు.

రెండోది బాధ్యతకు సంబంధించినది. సైకిలిస్టు నేరస్థుడు కాదు, బాధితుడన్న వాదం గ్రంథంలో బలంగా వినిపిస్తుంది. వ్యవస్థ ఒత్తిడి నిజమే. అయితే అదే ఒత్తిడిలో ఉండి మందులకు లొంగనివారు కొందరైనా ఉంటారు. వారి దృష్టితో చూస్తే బాధితవాదం చాలదు. ఆశ్చర్యకరమైన విషయమేమంటే, కథకుని వాదంలోని ఈ లోపాన్ని అతని కథనమే సరిదిద్దుతుంది. సూదిని మొదట తిరస్కరించిన కుర్రవాణ్ణి అంత వివరంగా చిత్రించడం ద్వారా, తిరస్కరించడం సాధ్యమేనని ఆ రచన ఒప్పుకుంటుంది. వాదం తనను విడుదల చేయబోతే కథ తనను బోనులో నిలబెడుతుంది. ఆత్మకథలో వ్యాఖ్యానం కంటె కథనం నిజాయితీగా ఉండటం అరుదైన విషయం కాదు. ఇక్కడ అది స్పష్టంగా కనిపిస్తుంది.

మూడోది దృష్టి విస్తృతికి చెందినది. జట్టు యజమానులు, ప్రకటనదారులు, ప్రసారసంస్థలు, పోటీ నిర్వాహకులు ఈ కథలో దూరపు నీడలుగానే ఉంటారు. సహాయకుని చూపు తన ముందున్న చక్రం వరకే సాగుతుంది. శ్రమను అంత బాగా చూపిన గ్రంథం ఆ శ్రమ ఎవరికి లాభంగా మారుతున్నదో తగినంతగా చూపదు.

8. అనంతర చరిత్ర:

1998 జూలైలో ఫెస్టినా జట్టు సహాయకసిబ్బందిలో ఒకడైన విల్లీ వోయెట్ నడుపుతున్న కారులో ఫ్రాన్స్-బెల్జియం సరిహద్దు వద్ద పెద్దమొత్తంలో నిషిద్ధ పదార్థాలు దొరికాయి. వాటిలో రక్తంలో ఎర్రకణాలను పెంచే ఇ.పి.ఓ. ఉంది. కిమ్మేజ్ ఎరిగిన ఆంఫెటమిన్ల కాలం దాటిపోయి, మరింత శాస్త్రీయమైన, మరింత ఖరీదైన మోసం వచ్చిందని ఆ ఉదంతం చాటింది. 'రఫ్ రైడ్' అదే ఏడాది మళ్లీ ముద్రణ పొందింది.

పాత్రికేయుడుగా స్థిరపడిన కిమ్మేజ్ తర్వాతి కాలంలో లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్‌ను బహిరంగంగా ప్రశ్నించినవారిలో ఒకడు. 2012లో అంతర్జాతీయ సైకిలింగ్ సమాఖ్య, దాని నాయకులు కిమ్మేజ్‌పై స్విట్జర్లాండ్‌లో పరువునష్టం దావా వేశారు. అతని పక్షాన అభిమానులు చందాలు పోగుచేశారు. అదే ఏడాది అక్టోబరులో అమెరికా డోపింగ్ నిరోధక సంస్థ తన నివేదికను వెలువరించింది. ఆర్మ్‌స్ట్రాంగ్ 1999 నుంచి 2005 వరకు గెలిచిన ఏడు టూర్ విజయాలూ రద్దయ్యాయి. ఆ నెలలోనే కిమ్మేజ్‌పై దావా నిలిపివేశారు.

ఆ నివేదికలోని ఒక వివరం ఈ వ్యాసానికి ముఖ్యమైనది. అందులో 26 మంది ప్రమాణపూర్వక సాక్ష్యం ఇచ్చారు. వారిలో 11 మంది ఆర్మ్‌స్ట్రాంగ్‌తో ఒకే జట్టులో పోటీపడినవారు. నాయకుని ముందు గాలిని చీల్చినవారే నాయకుని గురించి నిజం చెప్పారు. ఎన్నో ప్రయోగశాల పరీక్షలు స్థాపించలేకపోయిన సత్యాన్ని సహచరుల మాటలు స్థాపించాయి. ఒక భేదాన్ని మాత్రం గుర్తించాలి. వారు దర్యాప్తు జరిగిన తర్వాత మాట్లాడారు. కొందరికి శిక్షలో మినహాయింపు కూడా లభించింది. కిమ్మేజ్ 22 ఏళ్ల ముందు, ఎవరూ అడగకుండానే మాట్లాడాడు.

9. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. 'రఫ్ రైడ్' డోపింగ్‌ను బయటపెట్టిన గ్రంథంగా ప్రసిద్ధి పొందినా, దాని నిర్మాణం శ్రామికుని ఆత్మకథది. డోపింగ్ అందులో పని పరిస్థితుల నుంచి పుట్టిన పరిణామంగా కనిపిస్తుంది.

2. సహాయకుని దృష్టి కారణంగా కథనకాలమే మారింది. గెలుపువైపు సాగే కాలం స్థానంలో గడువును తప్పించుకునే కాలం వచ్చింది.

3. పీఠమర్దుని లక్షణాలతో పోల్చినప్పుడు, వృత్తి సైకిలిస్టు నుంచి సహాయకగుణాలన్నీ ఆశించిన వ్యవస్థ అతనికి సహాయకఫలాన్ని నిరాకరించిందని స్పష్టమవుతుంది. తనదైన కథ లేనివాడు రాసుకున్న కథే ఈ ఆత్మకథ.

4. పేర్లు దాచడంలోను, బాధితవాదంలోను ఈ గ్రంథానికి లోపాలున్నాయి. అయితే తన నేరంతో మొదలుపెట్టిన సాక్ష్యం కావడం వల్ల దాని విశ్వసనీయత నిలిచింది.

1934లో గోడమీద కూర్చున్న వియెట్టోను ఫ్రాన్స్ అంతా ప్రేమించింది. 1990లో నోరువిప్పిన కిమ్మేజ్‌ను అతని లోకం వెలివేసింది. ఇద్దరూ ఒకే పనిచేసినవారు. వారిద్దరిమధ్య ఉన్న తేడా ఒకరి మౌనం, మరొకరి మాట. సహాయకుని త్యాగాన్ని కీర్తించే సంస్కృతి అతని సాక్ష్యాన్ని కూడా అంతే ఓపికతో వినగలిగినప్పుడే ఆ కీర్తనకు అర్థం ఉంటుంది.